సోఫాకు గలేబు

ఆ ఆదివారం పొద్దున ఓబులేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, ఇంట్లో ఉన్న సోఫా కొలతలు తీసుకుని, బజారుకు పోయి దానికి గట్టి గుడ్డ పురమాయించి, భోజనం వేళకు తిరిగి రావాలి. ప్రొద్దుటూరు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా అతను ఇంతకన్నా చిక్కు పనులు చాలా చక్కబెట్టాడు. ఈ పనిలో తల దించుకోవలసి వస్తుందని అతనికి తోచలేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన మరుసటి ఏడు అది. ఊళ్లో సోఫా ఉన్న ఇళ్లు తక్కువ. సోఫా మీద కుక్క ఉన్న ఇల్లు అదొక్కటే.

కొలతలు తీసుకోబోతే డ్యూక్ సోఫా పొడుగునా పడుకుని ఉంది. దాన్ని లేపడం ఓబులేసుకు ఇష్టం లేదు, చేతకాదు కూడా. టేపును దాని వీపు మీదుగా పోనిచ్చి, తోక దగ్గర కాస్త తగ్గించుకుని, ఆరడుగులని తేల్చుకున్నాడు.

ఆ సోఫా జమ్మలమడుగు నుంచి వచ్చింది. అక్కడి మిషన్ బంగళాలో ఉండే తెల్ల డాక్టరమ్మ పని చాలించుకుని ఇంగ్లండు వెళ్లిపోతూ సామాన్లు వేలం వేయించింది. ఓబులేసు పోటీపడి సోఫా దక్కించుకున్నాడు. బండికి ఎత్తేటప్పుడు తెలిసింది, దాని మీద పడుకున్న కుక్క కూడా దానితో పాటేనని. దించితే ఎక్కింది. మళ్లీ దించితే మళ్లీ ఎక్కింది. ఆ సోఫా నిజానికి డ్యూక్‌దేననీ, ఇన్నేళ్లూ దాని దయ వల్లనే తానూ ఒక మూల కూర్చున్నాననీ డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పి, కళ్లు తుడుచుకుని, ఇక మీరే చూసుకోండి అంది.

ఓబులేసు భార్య వనజమ్మకు డ్యూక్ అనే మాట నోరు తిరగలేదు. ఆమె దాన్ని దూకు అని పిలిచేది. దూకు అని ఎన్నిసార్లు పిలిచినా అది సోఫా మీది నుంచి దూకిన పాపాన పోలేదు. దానికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అందుకు ఓబులేసుకు లోలోపల ఎంతో సంతోషం. అనంతపురం కాలేజీలో ఇంటర్మీడియట్ దాకా చదువుకున్న ఇంగ్లీషుకు ఆ ఇంట్లో అదొక్కటే శ్రోత. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక పేపరు చదివి వినిపిస్తే చెవులు నిక్కబొడుచుకుని వినేది. మధ్యలో అడ్డం వచ్చేది కాదు. అలా వినేవాళ్లు దొరకడం నడివయసులో చిన్న భాగ్యం కాదు.

చిక్కల్లా దాని గోళ్లతో వచ్చింది. డాక్టరమ్మ వేయించిన గుడ్డ అప్పటికే నలిగి ఉంది. వానాకాలం పోయేలోపు అది పీలికలైంది. స్ప్రింగులు బయటికి తొంగిచూశాయి. పోయిన నెల వనజమ్మ అన్న తిరుపాలు పులివెందుల నుంచి చూడవచ్చాడు. చీనీ, అంటే బత్తాయి తోటలున్న రైతు, తెల్లపంచె మీద మరక పడనివ్వని మనిషి. ఆయన సోఫాలో ఒక చివర కూర్చున్నాడు. డ్యూక్ ఆయన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది. లేవబోయేసరికి స్ప్రింగు పంచెను పట్టుకుంది. పంచెలో సగం సోఫా దగ్గరే ఉండిపోయింది. మిగతా సగంతో ఆయన వీధి అరుగు మీదికి వచ్చి, దర్గా ఉరుసుకు మళ్లీ వస్తాననీ, అప్పటికీ ఇంట్లో ఈ అవస్థే ఉంటే కుక్కను తీసుకుపోయి తోటలో కట్టేస్తాననీ అందరూ వినేటట్టు చెప్పాడు.

వనజమ్మ అన్నను కాదనలేదు, అలాగని భర్తను పూర్తిగా నొప్పించనూ లేదు. ఆమె తీర్పు సూటిగా ఉంది. "గుడ్డ నిలిస్తే కుక్క నిలుస్తాది. గుడ్డ చినిగితే కుక్క పులివెందులకు."

అప్పటి నుంచి ఓబులేసు గుడ్డల మీద పరిశోధన చేశాడు. మఖమలు ముక్క తెచ్చి సోఫా మీద పరిచాడు. మర్నాటికి దానికి ఎంత బొచ్చు అంటుకుందంటే అది రెండో కుక్కలాగా కనిపించింది. ఆదోని జంఖానా వేస్తే నేతలో గోరు చిక్కుకుని, డ్యూక్ జంఖానాతో సహా వంటింట్లోకి వచ్చింది. మద్రాసు రెక్సిన్ బాగానే ఉంటుందనుకున్నాడు గానీ, ప్రొద్దుటూరు ఎండకు దాని మీద కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు చర్మం ఊడినంత చప్పుడైంది. పైగా డ్యూక్‌కు దాని మూల రుచిగా తోచింది. గోనెపట్ట దానికి అన్నిటికన్నా నచ్చింది. "మనుషులు కూచునేదానికి గోతాం కప్పుతావా?" అని వనజమ్మ దాన్ని పెరట్లోకి విసిరేసింది. ఇన్ని తిప్పలు పడ్డాక ఓబులేసుకు జ్ఞానోదయమైంది. గోరు దూరే సందు లేకుండా బిగువుగా నేసిన గుడ్డ కావాలి, దళసరిగా ఉండాలి, మాపు కనపడని రంగు కావాలి. అతనికి అన్నీ తెలిశాయి. తెలియనిదల్లా, కావలసిన ఆ వస్తువును తెలుగులో ఏమంటారో మాత్రమే.

"దిండుకు తొడిగితే గలేబు అంటారు గదా. సోఫాకు తొడిగినా గలేబే," అంది వనజమ్మ. అదీ సబబుగానే ఉంది.

కానీ ప్రొద్దుటూరులో గలేబు అనే మాటకు ఇంకో అర్థం ఉంది. పెన్న ఒడ్డున సూఫీ తాత దర్గాలో సమాధి మీద భక్తితో కప్పే గుడ్డను కూడా గలేబనే అంటారు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ఏ మతం వాళ్లయినా సూఫీ తాతకు గలేబు మొక్కుకుంటారు. ఉరుసు రోజున దాన్ని మొక్కినవాళ్ల ఇంటి దగ్గరి నుంచి మేళంతో తీసుకుపోతారు. ఉరుసు నెలలోపే ఉంది. ఈ సంగతి దర్జీ దస్తగిరికి గుర్తుంది. ఓబులేసుకు లేదు.

దస్తగిరి పరుపులు, జట్కా సీట్లు, గొడుగులు కుట్టేవాడు. ఓబులేసు పోయేసరికి అంగట్లో బెంచీ మీద తెలిసినవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. కిందటి వారమే వాళ్లు అతన్ని 'కుక్కకు కుర్చీ వేసిన దొర' అని నవ్వారు. వాళ్ల ముందు మళ్లీ సోఫా మాట ఎత్తడానికి అతనికి మొహం చెల్లలేదు. దస్తగిరి చెవి దగ్గరికి వంగి, "సోఫాకు గలేబు కావాల," అన్నాడు మెల్లగా.

మిషను టకటక నడుస్తోంది. ఆ చప్పుడులో దస్తగిరికి 'సూఫీకి గలేబు' అని వినబడింది. అతను మిషను ఆపి, టోపీ సరిచేసుకున్నాడు.

"మంచిమాట సార్. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందే. ఈ గలేబు మీదనే ఉండాది దస్తగిరీ. ఇది కుదిరితే మా ఇంట్లో ఒక ప్రాణం నిలుస్తాది. లేకుంటే లేదు."

"అంతదాకా వచ్చిందా సార్?"

"వచ్చింది. పొద్దంతా పండుకోనే ఉంటాది. లెయ్యమంటే లెయ్యదు."

ఇక్కడ తప్పు ఓబులేసుది కాదు, దస్తగిరిది కాదు. తెలుగులో ఇంటి ఇల్లాలు లేవకపోయినా లేవదనే అంటారు, ఇంటి కుక్క లేవకపోయినా లేవదనే అంటారు. మన వ్యాకరణం ఆడవాళ్లకు విడిగా ఒక క్రియ మిగల్చలేదు. దానికి ఎవరు సిగ్గుపడాలో పండితులే చెప్పాలి.

ఓబులేసు కొలతల చీటీ తీయబోతే దస్తగిరి వద్దన్నాడు. "ఆ కొలత నా చేతికి తెలుసు సార్. ఏడాదేడాది కుట్టేదే గదా." మిషన్ బంగళాకు కుట్టింది ఇతనేనన్నమాట అని ఓబులేసు సంతోషపడ్డాడు. రంగు పచ్చది కావాలన్నాడు. పచ్చది కాక ఇంకేముంది అన్నాడు దస్తగిరి. పట్టు వేయనా అని అడిగితే, "పట్టు వద్దు. రాపిడికి నిలవదు. పదేండ్లు ఉండాల," అన్నాడు ఓబులేసు. దస్తగిరి తల ఊపాడు. అక్కడ రోజూ ఎన్ని చేతులు పడతాయి, పట్టు నెలలకే నలిగిపోతోంది, ఇన్నేళ్లలో ఈ ఆలోచన చేసినవాళ్లు ఒక్కరూ లేరన్నాడు. మా ఇంటికి అంతమంది రారే అనుకున్నాడు ఓబులేసు, పైకి అనలేదు.

"జమ్మలమడుగులో కమాల్ బాషా అని నేతగాడుండాడు సార్. రెండు పోగులు పేని నేస్తాడు. గోరు పెడితే గోరే అరుగుతాది."

గోరు అన్న మాట వినగానే ఓబులేసుకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఉరుసు రోజు పొద్దున్నే ఇంటి దగ్గరికే తెస్తాననీ, నలుగురిని వెంట పిల్చుకొస్తాననీ దస్తగిరి అన్నాడు. నలుగురెందుకని అడిగితే, "నాలుగు మూలలు పట్టుకోవాల గదా సార్," అన్నాడు. గుడ్డను నాలుగు వైపులా బిగువుగా లాగి పట్టుకుంటే గానీ మేకులు సరిగ్గా దిగవని ఓబులేసుకూ తెలుసు. అనుభవం ఉన్న పనివాడు అనుకుంటూ, చెప్పుకున్నట్టే భోజనం వేళకు ఇంటికి చేరాడు.

మర్నాడు ఆఫీసులో బంట్రోతు నూరుల్లా నీళ్లగ్లాసు తెచ్చి టేబులు మీద పెట్టి, పోకుండా నిలబడ్డాడు. ఇంట్లో ఎట్లుండాది సార్ అని అడిగాడు. బెంచీ మీది మనుషుల వల్ల తన కుక్క గొడవ ఆఫీసు దాకా వచ్చిందని ఓబులేసు అనుకున్నాడు. అయినా ఆ గొంతులో వెటకారం లేదు. వెటకారం లేకుండా డ్యూక్ సంగతి అడిగిన మొదటి మనిషి నూరుల్లా. ఓబులేసు మనసు విప్పాడు.

"ఏముంది నూరుల్లా. అట్లే ఉండాది."

"డాక్టరుకు చూపించినారా సార్?"

"డాక్టరమ్మ కాడ్నించే గదా తెచ్చింది. ఆయమ్మ కండ్లు తుడుచుకోని, ఇంక మీరే చూసుకోండి అనేసింది."

"తిండి తింటాండాదా సార్?"

"దానికేం తక్కువ లేదు. నాది గూడా తింటాది."

"మరి ఆయమ్మ అన్న ఏమంటాండాడు?" వనజమ్మ అన్న అని నూరుల్లా ఉద్దేశం.

"ఉరుసుకల్లా తేలకపోతే పులివెందులకు తీసకపోయి తోటలో కట్టేస్తానంటాండాడు."

నూరుల్లా నేరుగా గుమాస్తాల గదిలోకి పోయాడు. మధ్యాహ్నానికి తాలూకా ఆఫీసంతా తెలిసింది. హెడ్ గుమాస్తా భార్యకు జబ్బు ముదిరిందట, డాక్టర్లు చేతులెత్తేశారట, కట్టేయాల్సినంత దాకా వచ్చిందట, ఆయన సూఫీ తాతకు గలేబు మొక్కాడట. తహసీల్దారు అడగకుండానే సెలవు మంజూరు చేశాడు. గుమాస్తాలు తమంతట తామే అతని ఫైళ్లు పంచుకున్నారు. లోకంలో ఇంత మంచితనం ఎక్కడ దాగి ఉందా అని ఓబులేసు ఆశ్చర్యపోయాడు. కారణం వెతకలేదు. మంచితనానికి కారణం వెతకడం మర్యాద కాదనుకున్నాడు.

వీధిలో వనజమ్మకు ఇంకో రకం అనుభవం. పక్కింటి దిల్షాద్‌బీ వచ్చి చేతిలోని చీపురు లాక్కుని తానే ఊడ్చింది. నీళ్ల బిందె మోయనివ్వలేదు. పసిపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, పలుకు పలుకుకు ఆగి మాట్లాడింది. కత్తిపీట అడిగి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. సోఫా ఉన్న ఇంటికి ఊళ్లో ఇంత గౌరవం ఉంటుందా అని వనజమ్మ మొదట మురిసింది. కానీ పాలు పోసే శివమ్మ వచ్చి పోయాక వనజమ్మ పాలగిన్నె వైపు చాలాసేపు చూసింది.

"యోవ్, ఇట్ల రా. పాలల్లో నీళ్లు లేవు."

"మంచిదే గదా."

"మంచిది గాదు. శివమ్మ మనకు పాలు పోయబట్టి ఎన్నేండ్లాయె. ఎప్పుడన్నా ఇట్ల పోసిందా? ఏందో జరుగుతాంది."

ఓబులేసు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు తర్వాత అతనికి చాలాసార్లు గుర్తొచ్చింది.

ఉరుసు రోజు తెల్లవారింది. ఓబులేసు సోఫాను నడవ మధ్యకు లాగి, ఇత్తడి మేకులు పళ్లెంలో పోసుకుని, సుత్తి చేతబట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. డ్యూక్ తన చోట తాను ఉంది. దూరంగా తప్పెట్ల చప్పుడు వినబడింది. ఉరుసు మేళం దర్గాకు పోతోందనుకున్నాడు. చప్పుడు తమ వీధిలోకి తిరిగింది. తిరిగి, తమ ఇంటి ముందే ఆగింది.

ముందు దస్తగిరి. అతని వెనక నలుగురు మనుషులు పచ్చటి గుడ్డను నాలుగు మూలలా ఎత్తి పట్టుకుని ఉన్నారు. దాని మీద మల్లెచెండ్లు. వాళ్ల వెనక దర్గా చూసుకునే ఇనాయతుల్లా తాత, చేతిలో ఊదు పొగ. నూరుల్లా, ఆఫీసు గుమాస్తాలు, బెంచీ మీద కూర్చునే ఆ ఇద్దరూ, దిల్షాద్‌బీ, శివమ్మ. తహసీల్దారు కూడా చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డాడు. జమ్మలమడుగులో కమాల్ బాషా ఇది ఎవరి కోసమో విని మగ్గం మీది వేరే పని తీసేసి, పగలూ రాత్రీ కూర్చుని నేశాడని దస్తగిరి చెప్పాడు. ఓబులేసు ఆ గుడ్డను చూశాడు, పూలను చూశాడు, చేతిలో ఉన్న సుత్తిని చూసుకున్నాడు. ఒక్కొక్కటిగా అంతా అర్థమైంది. అర్థమవుతున్నకొద్దీ నేల గట్టిగానే ఉందే, ఎందుకు విచ్చుకోదు అనిపించింది.

లోపల డ్యూక్ లేచి నిలబడింది. ఆ పవిత్రమైన గుడ్డ మీదికి అది దూకితే తానిక బతకలేనని ఓబులేసుకు తెలుసు. ఇంగ్లీషులో "స్టే" అన్నాడు. అది కూర్చుంది. ఆ రోజు మొత్తంలో అతను చెప్పినది చెప్పినట్టుగా అర్థమైంది దానికొక్కదానికే.

"సార్, అమ్మను ఒకసారి బయటికి తీసకరండి. తాత ఊదు పొగ ఎయ్యాల," అన్నాడు నూరుల్లా.

తీసుకురావలసిన అవసరం రాలేదు. పెరట్లో పిడకలు సర్దుతున్న వనజమ్మ చప్పుడు విని, కొంగు నడుముకు దోపుకుని, మోచేతుల దాకా పేడతో తానే వచ్చింది. ఇప్పుడే ముగ్గు వేశాను, ఇంతమంది తొక్కుతున్నారేమిటని గట్టిగానే అడిగింది. తప్పెట్లు ఆగిపోయాయి.

"నడుస్తాండాది," అన్నాడు నూరుల్లా, నమ్మలేనట్టు.

"తిడతాండాది గూడా," అంది శివమ్మ. కళ్లు ఒత్తుకుంది.

దిల్షాద్‌బీ ఆమెను కావలించుకుని ఏడ్చింది. ఎవరో సూఫీ తాత పేరు తలుచుకున్నారు. గలేబు గడప తొక్కకముందే మనిషి లేచిందన్నారు. సరిగ్గా అప్పుడే ఒక చీనీకాయల లారీ వీధి మొదట్లో ఆగింది. వనజమ్మ జబ్బు కబురు అప్పటికే బస్సు కండక్టరు నోటి మాటగా పులివెందులకు చేరింది. తిరుపాలు లారీ మీది నుంచి దిగి, పంచె ఎక్కడ పోతోందో చూసుకోకుండా పరుగెత్తుకొచ్చి చెల్లెలి పేడచేతులు పట్టుకున్నాడు. అంత పెద్దమనిషి వీధిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నువ్వు బతికుంటే చాలమ్మా. దారిలో ముద్దనూరు కాడ మొక్కుకున్నా. నా చెల్లెలు లేచి తిరిగితే ఆ ఇంట్లో దేనికీ వంక పెట్టనని. ఆ కుక్కకు గూడా పెట్టను. పడుండనీ."

డ్యూక్‌కు ఇంట్లో చోటు దొరికింది. ఓబులేసు నోరు మూసుకుని ఉంటే అంతా సుఖాంతమే. నోరు విప్పితే మొక్కు చెల్లదు, కుక్క తోటలో గొలుసుకు చేరుతుంది. అతను సుత్తిని మేకుల పళ్లెంలో పెట్టాడు. వాళ్లు గలేబును మడిచి తల మీద పెడితే మోసుకుంటూ నడిచాడు.

పెన్న ఒడ్డు దాకా దారి పొడుగునా జనం అతనికి చేతులెత్తి మొక్కారు. భార్యను బతికించుకున్న మనిషి అని చూపించుకున్నారు. ఒక ముసలామె అతని చేయి తీసి తన మనవరాలి తల మీద పెట్టించుకుంది. ఆ చేయి ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు. నీళ్లు కలపని పాలు, ఎవరో పూర్తిచేసిన ఫైళ్లు, దిల్షాద్‌బీ ఊడ్చిన వాకిలి, జమ్మలమడుగులో తాను ఎన్నడూ చూడని మనిషి నిద్ర మాని నేసిన నేత. తల మీది గుడ్డ బరువు పెద్దది కాదు. మెడ మాత్రం ఎత్తలేకపోయాడు. అది భక్తి అనుకున్నారు.

గలేబు కప్పడం అయ్యాక జనం పలచబడ్డారు. ఓబులేసు ఇనాయతుల్లా తాత దగ్గర కూర్చుని, సోఫా నుంచి మొదలుపెట్టి సుత్తి దాకా చెప్పాడు. తాత మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"కుక్కా?"

"కుక్కే తాతా."

తాత గడ్డం కాసేపు కదిలింది. నవ్వో మరొకటో ఓబులేసు తలెత్తి చూడలేదు.

"గలేబు సూఫీ తాతకు చేరింది. అది నువ్విచ్చింది గాదు, దస్తగిరి చెవులిచ్చినాయి. దాన్ని గురించి నువ్వు బాధపడొద్దు. మీ బావ ఏడ్చినాడే, అది మాత్రం నీ కాడ ఉండిపోయింది. అది ఈడ పెట్టి పోయేదానికి లేదప్పా. ఇంటికి పోయి ఇచ్చెయ్."

సాయంత్రం నడవలో తిరుపాలు, వనజమ్మ కూర్చుని ఉండగా ఓబులేసు నిలబడే అంతా చెప్పాడు. డ్యూక్ సోఫా మీది నుంచి వింటోంది, తెలుగు కాబట్టి దానికి ఆందోళన లేదు. దస్తగిరితో అన్నదీ, నూరుల్లాతో అన్నదీ ఒక్క ముక్క దాచలేదు. వనజమ్మ కోప్పడుతుందని అతను సిద్ధపడ్డాడు. ఆమె కోప్పడలేదు.

"పొద్దంతా పండుకుంటాది, నాది గూడా తింటాది అంటే ఊరంతా నన్నే అనుకున్నారా?" అని మెల్లగా అడిగింది. "అంటే నన్ను గురించి నువ్వు బయట యాడా ఒక మాట చెప్పినోడివి గాదు. చెప్పింటే వాళ్లకు తేడా తెలిసుండు."

వీధిలో మోసిన సిగ్గు దీని ముందు ఏపాటిదీ కాదని ఓబులేసుకు అనిపించింది.

తనను లారీ ఎక్కించి ఏడిపించినందుకు బావను రెండు మాటలు అనే హక్కు తనకుందనీ, అవి రేపు అంటాననీ తిరుపాలు చెప్పాడు. తర్వాత డ్యూక్ వైపు చూశాడు.

"మొక్కు మొక్కే. నేను మొక్కింది చెల్లెలు బతకాలని. బతికే ఉండాది. ఇంక అబద్ధమా నిజమా అని నేను బేరమాడితే బాగుండదు. కుక్కను ముట్టను." సోఫాను వేలితో చూపించాడు. "సోఫాను గురించి మాత్రం నేనేమీ మొక్కలేదు. అది నాతో వస్తాది. తోటలో కావిలోడు పండుకుంటాడు."

మర్నాడు పొద్దున సోఫా లారీ ఎక్కింది. డ్యూక్ దాని వెంట నడిచింది. లారీ కదిలితే పరుగెత్తింది. పిలవడానికి ఓబులేసు నోరు తెరిచి, ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియక మూసుకున్నాడు. సోఫా దానిదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. డ్యూక్ భోజనం వేళకు రాలేదు. అతను పేపరు తెరిచాడు గానీ చదవలేదు. వనజమ్మ రెండు సార్లు వీధిలోకి పోయి చూసి, ఊరికే పోయినట్టు తిరిగి వచ్చింది.

పొద్దు వాలాక దుమ్ము కొట్టుకున్న డ్యూక్ గుమ్మంలోకి వచ్చింది. సోఫా ఉండే చోటును ఒకసారి వాసన చూసింది. పెద్దగా విచారించినట్టు కనపడలేదు. నేరుగా లోపలికి పోయి వనజమ్మ నులక మంచం ఎక్కి, చుట్టూ ఒకసారి తిరిగి పడుకుంది.

"దూకు, గెడ్డౌన్," అంది వనజమ్మ. అది కళ్లు మూసుకుంది. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని కాసేపు చూసి, భర్త వైపు తిరిగింది. "ఈ గోళ్లకు నులక యాడ నిలుస్తాది. మంచం మీదికి గట్టి గుడ్డ ఏదన్నా చూడు."

ఓబులేసు ఈసారి ఆలోచించుకుని మరీ పోయాడు. గలేబు అనకూడదు. మెల్లగా చెప్పకూడదు. ఇంట్లో అది, ఇంట్లో ఇది అనకుండా, భార్య పేరు పెట్టి, నలుగురిలో గౌరవంగా మాట్లాడాలి. దస్తగిరి అంగడి ముందు నిలబడి, మిషను ఆగేదాకా ఆగి, బజారులో ఆ చివరి దాకా వినబడేటట్టు చెప్పాడు.

"మా వనజ చెప్తే వచ్చినా దస్తగిరీ. మంచమెక్కింది. ఇంక దిగేట్టు లేదు. మంచి గట్టి దుప్పటి కావాల."

ఓబులేసు ముందే ఒప్పుకున్నందువల్ల దస్తగిరికి సంగతంతా తెలుసు, అతను నవ్వి టేపు తీశాడు. బజారులో మిగతావాళ్లకు తెలియదు.

మర్నాడు పొద్దున శివమ్మ పోసిన పాలల్లో మళ్లీ నీళ్లు లేవు.